సిలికాన్ కార్బైడ్ ప్లేటు గాజులా ఎందుకు విరిగింది, 800 డిగ్రీలకే ఎందుకు కాలిపోయింది

మీ ప్రశ్న సారాంశం ఇది. విజయనగరంలో కాలేజీ ల్యాబ్‌లో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం టీ300 కార్బన్ బట్ట 12 పొరలు పేర్చి, ఏహెచ్‌పీసీఎస్ (కాలిస్తే సిలికాన్ కార్బైడ్‌గా మారే ద్రవ పాలిమర్) నింపి, ఆర్గాన్‌లో 1000 డిగ్రీల దాకా కాల్చి 100×100×3 మి.మీ. ప్లేటు చేశారు. అదే ప్లేటును నింపి కాల్చడం నాలుగు విడతలు చేశారు. సాంద్రత ఘన సెం.మీ.కు 1.62 గ్రాముల దగ్గర ఆగిపోయింది, ఓపెన్ పోరాసిటీ (బయటికి దారి ఉన్న రంధ్రాల వాటా) 14 శాతం. 40 మి.మీ. స్పాన్‌తో (కింది రోలర్ల మధ్య దూరం) నాలుగు పాయింట్ల బెండ్ టెస్ట్ పెడితే కొన్ని ముక్కలు గాజులా టక్కున విరిగాయి, కొన్ని పొరలుగా విడిపోయాయి. గాలిలో 5 గంటలు ఉంచితే 800 డిగ్రీల దగ్గర పోయినంత బరువు 1200 దగ్గర పోలేదు. ఇదంతా ఎందుకు, ఏం మార్చాలి అని అడిగారు.

ముందు సాంద్రత లెక్క వేద్దాం. మిగతా తిప్పల్లో సగం అందులోనే దొరుకుతాయి.

మీ బట్ట చదరపు మీటరుకు 200 గ్రాములు. 12 పొరలు కలిపి 2400 గ్రాములు. ఫైబర్ సాంద్రత 1.76 కాబట్టి అదంతా కరిగించి పోసినట్టు ఊహిస్తే 1.36 మి.మీ. మందం అవుతుంది. ప్లేటు మందం 3 మి.మీ. కదా, అంటే 45 శాతం ఫైబర్, 55 శాతం ఖాళీ. ఇప్పుడు పాలిమర్ సంగతి. ఏహెచ్‌పీసీఎస్ సాంద్రత దాదాపు 1. బాగా క్యూర్ చేసి (వేడితో గట్టిపరిచి) కాలిస్తే బరువులో 75 శాతం దాకా మిగులుతుంది. 1000–1200 డిగ్రీల దగ్గర ఆపితే వచ్చే సిలికాన్ కార్బైడ్ సాంద్రత 2.5 చుట్టుపక్కల ఉంటుంది. 0.75ను 2.5తో భాగిస్తే 0.30. అంటే ఖాళీని అంచుల దాకా పాలిమర్‌తో నింపినా, కాలిన తర్వాత అందులో 30 శాతమే నిండుతుంది. మిగతా 70 శాతం మళ్లీ ఖాళీయే. కాబట్టి ఖాళీ విడత విడతకూ ఇలా తగ్గాలి: 55, 38.5, 27, 19, 13, 9, 6.5.

మీ నాలుగో విడత తర్వాత 13 శాతం ఖాళీ, 1.84 సాంద్రత రావాలి. ప్లేటు బరువు 55 గ్రాములు ఉండాలి. మీ ప్లేటు 48.6 గ్రాములే. వెనక్కి లెక్కిస్తే మొత్తం ఖాళీ 22 శాతం. నీటితో కొలిచిన ఓపెన్ పోరాసిటీ 14 శాతమే కాబట్టి మిగతా 8 శాతం దారి మూసుకుపోయిన రంధ్రాలు. వాటిలోకి ఐదో విడతా వెళ్లదు, పదో విడతా వెళ్లదు. అందుకే మరో రెండు విడతలు నింపితే సరిపోతుందన్న సలహా ఈ ప్లేటుకు పనికిరాదు. కొత్త ప్లేటు మొదలుపెట్టండి.

దారులు మూసుకుపోవడానికి సాధారణంగా మూడు కారణాలు. మొదటిది, గాలి తీయకముందే పాలిమర్ పోయడం. బట్టను పాలిమర్‌లో ముంచి, ఆ గిన్నెను వాక్యూమ్‌లో పెడితే పైన బుడగలు వస్తాయి, పని అయిందనిపిస్తుంది. కానీ ఒక్కో దారపు కట్టలో 3000 ఫైబర్లుంటాయి, వాటి నడుమ ఉన్న గాలి కదలదు. పద్ధతి తిరగేయాలి. ముందు ప్లేటును 120 డిగ్రీల దగ్గర 2 గంటలు ఆరబెట్టండి. మన తీర జిల్లాల గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో అయితే ఈ మెట్టు అస్సలు వదలొద్దు. తర్వాత వాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టి 1 మిల్లీబార్ దాకా గాలి లాగి, అరగంట అలాగే ఉంచి, అప్పుడు వాల్వు తెరిచి పాలిమర్‌ను కింది నుంచి నెమ్మదిగా ఎక్కనివ్వండి. బుడగలు ఆగాక 5–7 బార్ ఆర్గాన్ ఒత్తిడి గంటసేపు పెట్టగలిగితే తేడా తూకంలోనే తెలుస్తుంది. ఆ ఒత్తిడికి పరీక్ష చేసిన పాత్ర ఉంటేనే ఈ పని. గాజు డెసికేటర్‌లో ఒత్తిడి పెట్టకూడదు.

రెండోది పైపొర. ప్రతి విడతలోనూ ప్లేటు మీద మిగిలిన పాలిమర్ కాలి గట్టి పెచ్చు కడుతుంది. అదే తలుపు వేసేస్తుంది. కాల్చే ముందు పైన కారుతున్నదంతా తుడవాలి. కాల్చాక రెండు విడతలకోసారి 400 గ్రిట్ సిలికాన్ కార్బైడ్ కాగితంతో పైపెచ్చు గీకి, అసిటోన్‌లో అల్ట్రాసోనిక్ పెట్టి, ఆరబెట్టి, తూచి మళ్లీ నింపాలి. మూడోది ఫిల్లర్ పొడి. మొదటి విడతలో 15–20 శాతం సిలికాన్ కార్బైడ్ పొడి కలపడం మంచిదే, పొరల నడుమ పెద్ద ఖాళీలు నిండుతాయి. కానీ పొడి 0.5–0.7 మైక్రాన్ ఉండాలి. 2–3 మైక్రాన్ల పొడి వాడితే బట్ట జల్లెడలా పనిచేసి పొడినంతా పైనే ఆపేస్తుంది. రెండో విడత నుంచి పొడి లేని పాలిమరే వాడాలి.

విడతకు పట్టే పాలిమర్ కూడా ముందే లెక్కించుకోండి. ప్లేటు ఘనపరిమాణం 30 ఘన సెం.మీ., అందులో ఖాళీ 16.5. మొదటి విడతకు 16.5 గ్రాములు, రెండో విడతకు 11.5, మూడుకు 8, నాలుగుకు 5.7. మొత్తం దాదాపు 42 గ్రాములు లోపలికి వెళ్లాలి. ప్రతి విడతలో నింపాక ఒకసారి, కాల్చాక ఒకసారి తూచి పట్టిక రాయండి. నింపిన బరువు లెక్కకు తక్కువైతే తప్పు వాక్యూమ్‌లో ఉంది. నింపింది సరిగ్గా ఉండి, కాలిన తర్వాత 75 శాతం మిగలకపోతే తప్పు క్యూర్‌లోనో వేడి ఎక్కించే వేగంలోనో ఉంది. ఈ రెండు తూకాలు లేకుండా ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు. ఒక విడతలో పెరిగిన బరువు 1 శాతం లోపుకు వస్తే ఆపేయొచ్చు.

మామూలు ఘన పాలీకార్బోసిలేన్‌ను జైలీన్‌లో సగానికి సగం కరిగించి వాడదామనుకుంటే ఖర్చు తగ్గుతుంది, నిజమే. అయితే అక్కడ సగం ద్రావకమే. కాలిన తర్వాత 60 శాతం మిగిలిందనుకున్నా ఖాళీలో 11 శాతమే నిండుతుంది. 55 నుంచి 10 శాతానికి రావడానికి పద్నాలుగు పదిహేను విడతలు పడతాయి. ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు అది కుదరదు.

ఇక ఫర్నేస్. ఏహెచ్‌పీసీఎస్ 180 నుంచి 400 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది, సుమారు 300–700 మధ్య హైడ్రోజన్, మీథేన్, కొంత సిలేన్ జాతి వాయువులు వదులుతుంది. ఆ దశలో తొందరపడితే వాయువు పొరలను చీల్చుకుని బయటికి వస్తుంది. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 250కి, అక్కడ గంట. మళ్లీ 1 డిగ్రీ చొప్పున 650కి, అక్కడ అరగంట. తర్వాత 3 డిగ్రీల చొప్పున పైకి. మొదటి కాల్పులో ప్లేటును రెండు గ్రాఫైట్ పలకల మధ్య, గ్రాఫైట్ రేకు వేసి బిగించి ఉంచాలి. విడిగా పెడితే పొరలు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు తర్వాతి విడతల్లో పూడదు. రెండో కాల్పు నుంచి బిగింపు అక్కర్లేదు.

చివరి ఉష్ణోగ్రత మీరు 1000 దగ్గర ఆపారు, పరీక్ష 1200 దగ్గర చేశారు. ఇది పద్ధతి కాదు. 1000 దగ్గర ఆగిన మ్యాట్రిక్స్‌లో (ఫైబర్ల మధ్య నిండిన సిలికాన్ కార్బైడ్‌లో) ఇంకా హైడ్రోజన్ మిగిలే ఉంటుంది, నిర్మాణం స్ఫటికంగా మారి ఉండదు. దాన్ని అంతకన్నా వేడిలో పెడితే మళ్లీ కుంచించుకుని కొత్త చీలికలు వస్తాయి. వాడబోయే ఉష్ణోగ్రత కన్నా కనీసం 50–100 డిగ్రీలు ఎక్కువకు, ఆఖరి రెండు విడతల్లోనైనా, కాల్చి గంటసేపు ఉంచాలి. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో రాగి ట్యూబుతో 35.6, 60, 71.8 డిగ్రీల దగ్గర బీటా సిలికాన్ కార్బైడ్ శిఖరాలు వెడల్పుగా మొదలై, కాల్పు వేడి పెరిగేకొద్దీ సన్నబడతాయి. వాటి వెడల్పు చూస్తే మ్యాట్రిక్స్ ఎక్కడిదాకా వచ్చిందో అంచనా దొరుకుతుంది.

ఆర్గాన్ విషయంలో పొదుపు చేయొద్దు. 99.999 శాతం సిలిండరు వాడండి. వీలైతే ట్యూబు ముందు భాగంలో టైటానియం స్పాంజ్ బోటు ఒకటి 800 డిగ్రీల చోట పెట్టండి, మిగిలిన ఆక్సిజన్‌ను అది పట్టేస్తుంది. 7 ఘనమీటర్ల సిలిండరుతో నిమిషానికి 300 మి.లీ. చొప్పున రోజంతా నడిపినా 432 లీటర్లే అవుతుంది; ఒక సిలిండరుకు పదహారు కాల్పులు వస్తాయి. కరెంటు పోతే మూసుకునే సోలనాయిడ్ వాల్వు ఆర్గాన్ లైనులో ఉంటే తీసేసి చేతి వాల్వు పెట్టండి. 900 డిగ్రీల దగ్గర కరెంటు పోయి, వాల్వు మూసుకుని, ట్యూబు చల్లబడుతూ గాలిని లోపలికి లాగితే ఆ ఒక్కసారితో ప్లేటులోని కార్బన్ ఫైబర్ పాడైపోతుంది. చల్లారేటప్పుడు లోపలి వాయువు కుంచించుకుంటుంది కాబట్టి అప్పుడు ప్రవాహం కొంచెం పెంచాలి. బయటికెళ్లే గొట్టానికి బబ్లర్‌కు (వాయువు నూనెలోంచి బుడగలుగా పోయే సీసాకు) ముందు ఒక ఖాళీ సీసా పెట్టాలి, నూనె వెనక్కి ట్యూబులోకి రాకుండా. ఆ గొట్టం చివర తప్పనిసరిగా గది బయట ఉండాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

ఇప్పుడు అసలు విషయం. గాజులా విరగడం.

సిలికాన్ కార్బైడ్‌కు బలం ఉంది, వేడిని తట్టుకునే గుణం ఉంది. పగుళ్లను తట్టుకునే ఓర్పు మాత్రం లేదు. ఫైబర్ లేని సిలికాన్ కార్బైడ్ ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (ఆ ఓర్పు కొలత) 3–4 మెగాపాస్కల్ రూట్ మీటర్ మించదు. ఫైబర్ వేసినంత మాత్రాన అది మారదు. మ్యాట్రిక్స్‌లో పుట్టిన పగులు ఫైబర్‌ను చేరినప్పుడు రెండే దారులు: ఫైబర్‌ను కోసుకుని ముందుకు పోవడం, లేదా ఫైబర్ వెంబడి పక్కకు తిరగడం. పక్కకు తిరిగితేనే ఫైబర్ తెగకుండా పగులుకు వంతెనలా నిలబడి బరువు మోస్తుంది, తర్వాత తెగినా మ్యాట్రిక్స్‌లోంచి జారుతూ శక్తిని తినేస్తుంది. పక్కకు తిరగాలంటే ఫైబర్‌కూ మ్యాట్రిక్స్‌కూ మధ్య అతుకు బలహీనంగా ఉండాలి. రెండింటి స్టిఫ్‌నెస్ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, అతుకును విడదీసే శక్తి ఫైబర్‌ను విరిచే శక్తిలో నాలుగో వంతు లోపు ఉండాలని పగుళ్ల మీద పరిశోధించిన హే, హచిన్సన్‌ల లెక్క చెబుతుంది. ఈ బలహీనతను మనమే కావాలని కట్టాలి. దాన్నే ఇంటర్‌ఫేజ్ అంటారు: 0.1 నుంచి 0.5 మైక్రాన్ మందం పైరోలిటిక్ కార్బన్ లేదా బోరాన్ నైట్రైడ్ పొర. మీ ప్లేటులో అది లేదు. పాలిమర్ నేరుగా ఫైబర్‌కు అతుక్కుని కాలింది, రెండూ ఒకే ముద్దయ్యాయి. వెలితి ఇదే.

దీనికి తోడు బట్ట మీది పూత. పొందూరు మగ్గాల దగ్గర నూలుకు గంజి పెట్టినట్టే కార్బన్ ఫైబర్‌కూ నేతలో తెగకుండా ఎపాక్సీ పూత పెడతారు. దానికి ముందు ఎపాక్సీ బాగా పట్టాలని ఫైబర్ పైభాగాన్ని ఎలక్ట్రోలిటిక్‌గా చురుకుచేస్తారు. ప్లాస్టిక్ కాంపోజిట్‌కు అది వరం, మనకు శాపం. ఆ గంజిని అసిటోన్‌లో రాత్రంతా నానబెట్టి కడిగి, తర్వాత ఆర్గాన్‌లో 900 డిగ్రీలకు పైన గంటసేపు ఉంచితే పూత పోతుంది, ఫైబర్ పైనున్న ఆక్సిజన్ సమూహాలూ చాలావరకు పోతాయి. కార్బన్ బట్టను గాలిలో కాల్చి పూత తీయొద్దు, ఫైబర్ గుంటలు పడుతుంది.

ఆ తర్వాత ఇంటర్‌ఫేజ్. మంచి దారి మీథేన్‌తోనో ప్రొపేన్‌తోనో వేపర్ పద్ధతిలో (వాయువు నుంచి పొర పేరుకునేలా) కార్బన్ పొర వేయించడం. ఆ ఏర్పాటు ఉన్న ప్రయోగశాలకు బట్టను పంపగలిగితే పంపండి. బోరాన్ నైట్రైడ్ పొరను బోరాన్ ట్రైక్లోరైడ్, అమ్మోనియాలతో వేస్తారు. ఆ వాయువులు కాలేజీ ల్యాబ్‌లో ముట్టుకోవాల్సినవి కావు. చేతిలో ఏమీ లేనప్పుడు ఫినాలిక్ రెసిన్‌తో కార్బన్ పొర వేసుకోవచ్చు. అది వేపర్ పొరంత సమంగా రాదు, ఫైబర్ల మధ్య అక్కడక్కడ వంతెనలు కడుతుంది. అయినా పొర లేకపోవడం కన్నా ఎన్నో రెట్లు మేలు. మిథనాల్‌లో 5 శాతం రెసిన్ కలిపి, గంజి తీసిన బట్టను ముంచి, వేలాడదీసి ఆరబెట్టి, 80 డిగ్రీల దగ్గర గంట, 160 దగ్గర గంట క్యూర్ చేసి, గ్రాఫైట్ పలక మీద మడత లేకుండా పరిచి ఆర్గాన్‌లో 900కి తీసుకెళ్లండి.

పొర మందం తెలుసుకోవడానికి మైక్రోస్కోప్ దాకా ఆగనక్కర్లేదు, త్రాసు చాలు. టీ300 ఫైబర్ వ్యాసం 7 మైక్రాన్లు. దాని మీద 0.1 మైక్రాన్ కార్బన్ పొర పడితే బట్ట బరువు 5 శాతం, 0.2 మైక్రాన్ పడితే 10 శాతం పెరుగుతుంది. లక్ష్యం 0.2 పెట్టుకోండి. రెసిన్ కాలిన తర్వాత సుమారు సగమే మిగులుతుంది కాబట్టి ఆరిన రెసిన్ బట్ట బరువులో 20 శాతం పట్టాలి. ఒకే ముంపులో అంత పట్టించడానికి చిక్కటి ద్రావణం వాడితే కట్ట మొత్తం కర్రలా బిగుస్తుంది, పాలిమర్ లోపలికి దూరదు. పలచటి ద్రావణంలో రెండు మూడు ముంపులే సరి.

పొర పనిచేసిందో లేదో విరిగిన అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఫైబర్లు పదుల మైక్రాన్ల పొడవున కొసలు బయటపెట్టుకుని, పక్కన అవి ఊడొచ్చిన గుంటలతో కనబడితే పొర పనిచేసింది. మొత్తం అంచు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే లేదు. బలం అంకె ఎంత వచ్చినా, ఈ ఫొటో లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

టెస్ట్ విషయానికి వస్తే, మీ ముక్కల్లో కొన్ని పొరలుగా విడిపోవడానికి మెటీరియల్ లోపం సగం, టెస్ట్ అమరిక సగం. కింది రోలర్ల దూరంలో సగం పై రోలర్ల దూరంగా పెట్టే నాలుగు పాయింట్ల అమరికలో, వంపు ఒత్తిడికీ పొరల మధ్య కోత ఒత్తిడికీ నిష్పత్తి సరిగ్గా స్పాన్‌ను మందంతో భాగించినంత. మీది 40 బై 3, అంటే 13. మీలాంటి రంధ్రాల ప్లేటులో పొరల మధ్య కోత బలం 12 మెగాపాస్కల్ ఉందనుకోండి. వంపు ఒత్తిడి 156కి చేరేసరికి పొరలు జారిపోతాయి. ఫైబర్ బలం ఎంతో తెలిసే అవకాశమే రాదు. 40 మి.మీ. స్పాన్ ఏఎస్‌టీఎం అనే పరీక్ష ప్రమాణాల్లో సీ1161లోది, అది 3×4×45 మి.మీ. ఫైబర్ లేని సెరామిక్ కడ్డీల కోసం. ఫైబర్ కాంపోజిట్లకు సీ1341 చూడండి. అందులో 16, 32 వంటి నిష్పత్తులు ఉంటాయి. రెండు దిక్కుల బట్టతో చేసిన ప్లేటుకు 32కు వెళ్లండి. 3 మి.మీ. ప్లేటుకు 96 మి.మీ. స్పాన్ మీ ముక్కల్లో పట్టదు. అందుకే తర్వాతి ప్లేటు 2 మి.మీ. చేయండి: 8 పొరలు, ఫైబర్ అదే 45 శాతం, స్పాన్ 64 మి.మీ.

బలానికి సూత్రం ఆ అమరికలో: 3 × బరువు × స్పాన్, కింద 4 × వెడల్పు × మందం వర్గం. మందం వర్గంలో ఉంది కాబట్టి ప్రతి ముక్కనూ మూడు చోట్ల మైక్రోమీటర్‌తో కొలవాలి. 2 మి.మీ. దగ్గర 0.05 తప్పు కొలిస్తే బలంలో 5 శాతం తేడా వస్తుంది. లోడు వేగం నిమిషానికి అర మిల్లీమీటరు చాలు. మిషన్ క్రాస్‌హెడ్ కదలికను ముక్క వంపుగా రాయొద్దు, అందులో ఫ్రేము, రోలర్ల సాగు కూడా ఉంటుంది. ముక్క మధ్య కింద డయల్ గేజ్ లాంటిది పెట్టి కొలవండి.

గ్రాఫులో గరిష్ఠ బరువు కన్నా ముందు చూడాల్సింది గీత వంగడం మొదలైన చోటు. అదే మ్యాట్రిక్స్ పగిలిన ఒత్తిడి, ప్రొపోర్షనల్ లిమిట్. డిజైన్ చేసేవాళ్లకు కావాల్సింది అదే, ఎందుకంటే మ్యాట్రిక్స్ పగిలాక గాలికి దారి తెరుచుకుంటుంది. అయితే ఇక్కడో హెచ్చరిక: కార్బన్ ఫైబర్ పొడవు దిశలో వేడికి దాదాపు వ్యాకోచించదు, సిలికాన్ కార్బైడ్ డిగ్రీకి మిలియన్‌కు 4.5 వంతు వ్యాకోచిస్తుంది. కాల్చి చల్లార్చేసరికే మ్యాట్రిక్స్ నిండా సన్న చీలికలుంటాయి. కాబట్టి మీ గ్రాఫులో ఆ వంపు స్పష్టమైన మూలలా కనబడదు, మొదటి నుంచీ నెమ్మదిగా వంగుతుంది. అది మిషన్ తప్పు కాదు. ఇంకో మాట, బెండ్ టెస్ట్ అంకెను టెన్సైల్ అంకెగా చెప్పొద్దు. బెండ్‌లో కింది పొర ఒక్కటే పూర్తి ఒత్తిడి మోస్తుంది, లెక్కేమో మందమంతా సాగేగుణంతో ఉందనుకుని వేస్తాం; వచ్చే అంకె నిజమైన టెన్సైల్ కన్నా ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. టెన్సైల్ కావాలంటే గది వేడి దగ్గర సీ1275, అధిక వేడి దగ్గర సీ1359.

800 డిగ్రీల చిక్కుముడి చాలామందిని తికమక పెడుతుంది. వేడి పెరిగితే నష్టం పెరగాలి కదా అనిపిస్తుంది. ఇక్కడ పోయేది సిలికాన్ కార్బైడ్ కాదు, కార్బన్. 500 నుంచి 900 మధ్య గాలి చీలికల గుండా ప్లేటు లోలోపలికి వెళ్లేంత తీరికగా చర్య జరుగుతుంది, అందుకే ఫైబర్ మందమంతటా తరుగుతుంది. 1200 దగ్గర మూడు మార్పులు వస్తాయి: చర్య వేగం పెరిగి ఆక్సిజన్ పైపొరలోనే ఖర్చవుతుంది, కాల్చిన ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేసరికి మ్యాట్రిక్స్ వ్యాకోచించి చీలికలు మూసుకుంటాయి, సిలికాన్ కార్బైడ్ మీద ఏర్పడే సిలికా, తాను మారిన పదార్థం కన్నా రెట్టింపు పైన చోటు ఆక్రమించి సందులను పూడుస్తుంది. 800 దగ్గర ఆ సిలికా పుట్టనే పుట్టదని చెప్పొచ్చు, అంత నెమ్మది. మంచి సిలికాన్ కార్బైడ్ ఫైబర్ వేసినా మధ్యలో కార్బన్ పొర ఉంటే ఇదే కథ, కాకపోతే తక్కువ మోతాదులో. అందుకే ఏ ప్లేటునైనా 1200, 1300 దగ్గర మాత్రమే పరీక్షించి బాగుందని రాయడం ప్రమాదం. 600, 800, 1000, 1200 నాలుగూ చేయాలి. 1, 5, 20, 50 గంటలకు తీసి తూచి, ఆ తర్వాత విరిచి మిగిలిన బలం కూడా రాయాలి. బరువు ఒక్కటే చాలదు: సిలికా పెరిగి బరువు పెంచుతుంది, కార్బన్ పోయి బరువు తగ్గిస్తుంది, రెండూ కలిసి సున్నా చూపించవచ్చు.

నివారణకు అందుబాటులో ఉన్న దారి బోరాన్ కార్బైడ్ పొడి. మొదటి విడత ఫిల్లర్‌లో కొంత భాగంగా, పై పూతలో ఇంకాస్త ఎక్కువగా వేయండి. అది సుమారు 600 డిగ్రీల నుంచి ఆక్సీకరించి బోరాన్ ఆక్సైడ్ ద్రవంగా చీలికల్లోకి పారుతుంది. సిలికా పని మొదలుకాని మధ్య వేడిలో కాపలా కాసేది అదే. 1000 దాటాక, ముఖ్యంగా తేమ గాలిలో, అది ఆవిరైపోతుంది. తేమ సిలికాను కూడా వదలదు, సిలికాన్ హైడ్రాక్సైడ్ ఆవిరిగా లేపుకుపోతుంది. జెట్ ఇంజిన్ భాగాల మీద ఇటర్బియం డైసిలికేట్ లాంటి పూతలు వేయడం అందుకే. వాటి వ్యాకోచం సిలికాన్ కార్బైడ్‌కు దగ్గరగా ఉంటుంది.

ఆక్సీకరణ పరీక్షలో చాలామంది పట్టించుకోని శత్రువు సోడియం. చేతి చెమట, కుళాయి నీరు, సముద్రపు గాలి, చివరికి తక్కువ శుద్ధి గల అల్యూమినా ట్యూబు కూడా సోడియం అందిస్తాయి. అది సిలికాతో కలిసి పలచటి గాజవుతుంది, ఆక్సిజన్ దాని గుండా తేలిగ్గా వెళ్తుంది. ముక్కలను చిమటాతోనే పట్టుకోండి, డిస్టిల్డ్ నీటితో కడగండి, 99.8 శాతం అల్యూమినా ట్యూబు వాడండి.

ఇక గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ ఫర్నేస్‌లో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తొడుగుగా ఈ కాంపోజిట్ పనికొస్తుందా అని కూడా అడిగారు. పనికిరాదు. కరిగిన ఇనుము సిలికాన్ కార్బైడ్‌ను కరిగించుకుంటుంది. ఫౌండ్రీల్లో దాన్ని ఇనుములో సిలికాన్, కార్బన్ పెంచడానికే వేస్తారు. కరిగిన లోహం తగలని పొగ గొట్టాల వైపు, బర్నర్ నోటి దగ్గర అయితే బాగుంటుంది, కానీ అక్కడ మామూలు నైట్రైడ్ బాండెడ్ సిలికాన్ కార్బైడ్ చాలు, కాంపోజిట్ ఖర్చు దండగ. కాంపోజిట్ విలువ బరువు తగ్గాల్సిన చోట, ఒక్కసారిగా పగిలితే ప్రాణాల మీదికి వచ్చే చోట. లీప్ జెట్ ఇంజిన్ టర్బైన్ ష్రౌడ్‌లో 2016 నుంచి సిలికాన్ కార్బైడ్ ఫైబర్ కాంపోజిట్ ఎగురుతోంది. అణు ఇంధన కడ్డీల తొడుగుగానూ దీన్ని పరిశీలిస్తున్నారు, అతివేడి ఆవిరితో జిర్కోనియం తొడుగు చర్య జరిపినంత వేగంగా ఇది జరపదు కాబట్టి. కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన పక్కనే ఉన్న మన జిల్లాల విద్యార్థులకు ఇది దగ్గరి విషయమే.

సిలికాన్ కార్బైడ్ ఫైబర్ కొనాలా అంటే, ఇప్పుడే వద్దు. జపాన్ శాస్త్రవేత్త యజిమా 1975లో పాలీకార్బోసిలేన్ నుంచి తీసిన దారం పరంపరలో మొదట వచ్చిన నికలాన్‌లో ఆక్సిజన్ 10 శాతం పైన ఉంటుంది, 1200 దాటితే కార్బన్ మోనాక్సైడ్, సిలికాన్ మోనాక్సైడ్ వదిలి బలం కోల్పోతుంది. అంతకు పైన నిలవాలంటే హై నికలాన్ టైప్ ఎస్, టిరానో ఎస్ఏ3 లాంటివే కావాలి. వాటి ధర చూస్తే నేర్చుకునే దశలో కార్బన్ బట్టే నయం.

తర్వాతి పనికి రెండు ప్లేట్లు చేయండి, రెండూ 100×100×2, రెండింటికీ గంజి తీసిన బట్టే, ఒకదానికి ఫినాలిక్ కార్బన్ పొర, రెండోదానికి లేకుండా. మిగతా ప్రతిదీ ఒకేలా: ఏడు విడతలు, ఆఖరి రెండు 1300 డిగ్రీలకు. అంచులు 5 మి.మీ. చొప్పున కోసి పారేయండి, అక్కడ సాంద్రత ఎప్పుడూ వేరుగా ఉంటుంది. సన్నటి డైమండ్ బ్లేడుతో, నూనె కాకుండా నీటితో, పడుగు దిశకు సమాంతరంగా 10 మి.మీ. వెడల్పున కోస్తే ఒక్కో ప్లేటుకు 8 కడ్డీలు వస్తాయి. కోసే చోట మాస్క్ వేసుకోండి. ఆ ధూళిని ఫర్నేస్ కంట్రోలర్‌కు, కంప్యూటర్లకు దూరంగా ఉంచండి, కార్బన్ ధూళి కరెంటును మోస్తుంది. ఎనిమిదిలో నాలుగు గది వేడి బెండ్ టెస్ట్‌కు, మూడు 800 డిగ్రీల దగ్గర 5 గంటలుంచి విరవడానికి, ఒకటి కోసి పాలిష్ చేసి రంధ్రాలు చూడటానికి. నాలుగు కడ్డీలతో వైబుల్ మాడ్యులస్ (ముక్క ముక్కకూ బలం ఎంత మారుతుందో చెప్పే అంకె) లెక్కగట్టి రిపోర్టులో పెట్టొద్దు, దానికి ముప్పై దాకా కావాలి. నాలుగు అంకెలూ విడివిడిగా రాసి, ఒక్కోదాని పక్కన అది ఎలా విరిగిందో, టక్కునా, పొరలుగానా, పీచులు లేస్తూనా, రాయండి. తూకాల పట్టిక, విరిగిన అంచు ఫొటోలు ఇక్కడ పెడితే మిగతాది వాటిని చూసి చెప్పవచ్చు.